నలభై మూడో పేజీ

వివరాలు తెలియవా? ఎవలకు తెల్వయి రాజమౌళీ? జగిత్యాలల బస్సెక్కితె కోరుట్లల దిగుడు ఎంత సేపు? గంట సుత పట్టది. ఆడ నువ్వు జీపుల తిరుగుతవు, ఈడ నేను గీ అర్రల ఇండ్ల ప్లాన్లు గీస్కుంట కూసుంట. మరి పోయినసారి మన కాలేజీ బ్యాచి బుక్కుల నా పేరు కాడ ఏం అచ్చేసినవు? "సరోజన, సిరిసిల్ల. వివరాలు తెలియవు." సచ్చినోళ్లకు సుత ఇంతకన్న రెండు ముక్కలు ఎక్కువ రాస్తరు గదయ్యా!

కూసో, లేవకు. చాయ పెట్టిన, తాగకుంట పోవుడు లేదు. ఇంటాయన సాంచల, గవే కరెంటు మగ్గాల, రిపేరుకు పోయిండు, ఇప్పట్ల రాడు. ఊకె కిటికిల నుంచి తొంగి సూడకు. నీ జీపును ఎవలు ఏం జెయ్యరు. కాలువలు తవ్వే డిపార్ట్‌మెంటోల్ల జీపని దాని మీదనే రాసుంది గదా.

ఏదీ, గా ఫారం ఇటు తే. ఉద్యోగం, హోదా, భార్య లేదా భర్త, పిల్లలు, అభిరుచులు. అభిరుచులు! ఎవల తెలివయ్యా ఇది? సుశీలదేనా? నాకు ఎర్కే.

మిగతోళ్లవి సూడనీ. అబ్బో, గంగారాం బొంబాయిల పద్నాలుగు అంతస్తుల బిల్డింగు కట్టిండట. ఇద్దరు కొడుకులట. ఫోటో సుత పంపిండు, పొట్ట సూడు ఎట్లచ్చిందో! కాలేజీల టీ స్క్వేరు సక్కగ పట్టుకోరాకపోయేది ఈయనకు. సగం షీట్లు నేనే గీసిచ్చిన. సుశీలకు హైదరాబాదుల సొంత ఆఫీసు, బిడ్డ డాన్సు నేర్సుకుంటాంది. మంచిదే. నాకేం కుళ్లు లేదు.

ఉండె. అబద్ధమెందుకు, మస్తు ఉండె. మొదటి బుక్కు నాడు కడుపు మండిపోయేది. గా మంటతోనే అసలు ముచ్చట మొదలయింది.

సరే, రాయి. ఉద్యోగం: కోరుట్లల ఇండ్ల ప్లాన్లు, సిరిసిల్లల సాంచల షెడ్లు. నా మొదటి షెడ్డు ముచ్చట సుత రాయి, అందరు నవ్వుకుంటరు. గాలి, వెలుతురు అని సార్లు నాలుగేండ్లు చెవుల ఊదిండ్రు గదా, పడమటి దిక్కు ఇంతింత కిటికీలు పెట్టిన. సాంచలు ఆడిన్నాడే వేడిగాలి కొట్టి నూలు ఎండింది, పోగులు టపటప తెగుడు షురువయింది. మగ్గం నేసేటోల్ల ఇంట్ల పుట్టిన, గాలి తాకితె నూలు ఎండుతదని నాకు తెల్వదా? తెలుసు. చదువు ముందట యాదికి రాలే. సేటు నా మొకం సుత సూడకుంట కిటికీలన్నీ ఇటుకలతోని మూపిచ్చిండు. మా బాపు బతికుంటే పడిపడి నవ్వేటోడు.

ఇప్పుడు నా షెడ్డుల ఒక్క పోగు తెగది. అది సుత రాయి.

కుటుంబం. భర్త లక్ష్మీరాజం, సాంచల మెకానిక్కు. పిల్లలు లేరు. లేరు అని రాయి, ఉత్త గీత గీసి ఇడిసిపెట్టకు. తమ్ముడు రాజలింగం.

ఎందుకాపినవు? ఫారంల తమ్మునికి జాగ లేదా? పెన్ను నీ చేతులనే ఉంది గదా, ఒక గీత కొట్టుకో. రాజలింగం, ఇరువై ఏండ్లు. తొంభై ఒకటిల పోలీసోళ్లు సంపిండ్రు. ఎన్‌కౌంటర్ అని పేపర్ల అచ్చింది. రాయి.

రాయవు. నాకు తెలుసు. సర్కారు నౌకరి, పెండ్లం పిల్లలు, పైన ఆఫీసర్లు. ఊకో, నిన్ను జబర్దస్తి చెయ్య. నేను నీకు కార్డు రాసింది గీ ఫారం కోసం గాదు. ఎనభై ఏడుల అచ్చేసిన మొదటి బుక్కు తెమ్మన్న గదా, తెచ్చినవా? సంచిల ఉందా? తీసి బల్ల మీద పెట్టు. గుంజుకోను లే. నువ్వే తియ్యి, నలభై మూడో పేజీ.

అగో. మా ఇల్లు.

నువ్వు గప్పుడు అందరికి కార్డులు రాసినవు, చదువు అయిపోయి ఐదేండ్లాయె, ఎవలు ఏం జేస్తున్నరో పంపుండ్రి అని. నాకు ఏముండె పంపేతందుకు? నౌకరి లేదు, లగ్గం లేదు. సిరిసిల్లల అవ్వ పక్కన కూసోని రాట్నం మీద కండెలు సుడుతున్న. ఇంజినీరింగు చదివి నూలు కండెలు! గంగారాం బొంబాయి అని రాస్తె, సుశీల హైదరాబాదు అని రాస్తె, నేను కండెలు సుడుతున్న అని రాయాల్నా? నీ బుక్కుల నేను తక్కువ కావద్దనుకున్న. అందుకే మా ఇంటిని గీసి పంపిన. టేపు పట్టి, అంగుళం తప్పకుంట.

గోడలు అందరు గీస్తరు, దర్వాజలు గీస్తరు. మగ్గం గుంత ఎవలన్న గీస్తరా? మున్సిపాలిటికి ఇచ్చే ప్లాన్ల నువ్వెన్నడన్న సూసినవా? మనిషి కాళ్లు కిందికి పెట్టి కూసోని నేసే గుంత, దాన్ని ఇంట్ల భాగమని ఎవలు లెక్కజేస్తరు? నేను గీసిన. గా గుంతలనే మా తాత నడుము పోయింది, మా బాపు నడుము పోయింది, అది లేకుంటే మాదేం ఇల్లు అని పట్టుబట్టి గీసిన. తూర్పు గోడకు ఆరు ఫీట్లు. లోతు మూడు ఫీట్లు. సాంచలచ్చినంక మగ్గం ఇప్పేసినం, గుంత మీద చెక్కలు కప్పినం అని కింద రాసిన సుత. సూడు నా అక్షరాలు, ముత్యాల లెక్క లెవ్వూ?

నువ్వు పేజీ నిండ ఏసినవు. అవ్వకు చదువు రాదు, అయినా గా పేజీ తీసి వాడకట్టంత తిప్పింది. "నా బిడ్డ మన ఇంటిని బుక్కులకెక్కిచ్చింది" అని ఎదురైనోనికల్ల చెప్పింది. నేనేమన్న వద్దన్ననా? గోడ చాటుకు నిలబడి ఇన్న. కడుపు నిండింది. బుక్కును దేవుని గూట్ల పెట్టింది అవ్వ, దినాం బొట్టు పెట్టేది దానికి.

తమ్ముడు ఇంటర్ల తప్పి సాంచల పనికి పోయిండు. పన్నెండు గంటలు నిలబడి పని చేసుడు, కూలి పెంచుండ్రని సంఘపోల్లతోని తిరుగుడు. తొంభైల ఒకనాడు సద్ది కట్టుకోని పనికని పోయిండు, మల్ల రాలే. అన్నలల్ల, గదే నక్సలైట్లల్ల, కలిసిండని నెలకు ఎర్కయింది.

ఏడాదికి అచ్చిండు. ఎండకాలం, మలేరియా జరం. మనిషిల ఏం లేదు, ఉత్త తోలు బొక్కలు. నాలుగు దినాలు గోలీలు మింగి పోతనన్నడు. పగలంత గుంతల ముడుసుకోని కూసునేటోడు. మీద చెక్కలు, చెక్కల మీద చాప, చాప మీద అవ్వ, అవ్వ ముందట రాట్నం. రాట్నం తిరుగుతాంటే వాని దగ్గు బయటికి ఇనపడకపోయేది.

రెండో దినం పోలీసోళ్లు అచ్చి ఇల్లంత ఎతికిండ్రు. బియ్యం గుమ్మి బోర్లిచ్చిండ్రు, పెంకలు తీసిండ్రు. అవ్వ కూసున్నకాడి నుంచి లేవలే. దొరకలే. పోతాపోతా ఇంట్ల ఉన్న కాయిదాలన్నీ మూట గట్టుకపోయిండ్రు, పార్టీ పుస్తకాలు ఉంటయేమోనని. దేవుని గూట్ల బుక్కు సుత.

నేను ఆడనే ఉన్న. బుక్కు మూటల పడుతాంటే సూసిన. "సార్, అది మా కాలేజీది, పోగొట్టకుండ్రి" అన్న. పోగొట్టకుండ్రి అన్ననయ్యా! నా పేజీ పోతదని నా బాధ. గా పేజీల ఏమున్నదో నాకు యాదికి రాలే. యాదికస్తే గా గడియలనే వాన్ని పంపిచ్చేదాన్ని. జరం ఉన్నా, తొవ్వల పడి సచ్చినా, పంపిచ్చేదాన్ని.

తెల్లారి మల్ల అచ్చిండ్రు. ఈసారి ఎతుకుడు లేదు, ఒర్లుడు లేదు. ఒక ఎస్సై, చిన్న వయసోడు, చదువుకున్న పోరడు. కానిస్టేబులు చేతుల బుక్కు ఇప్పి ఉంది. ఎస్సై తూర్పు గోడ కాడ టేపు పట్టి ఆరు ఫీట్లు కొలిసిండు. టేపు అవ్వ మోకాలు కాడ ఆగింది. "లే ముసలమ్మా" అన్నడు.

చెక్కలు తీస్తె వానికి లేచి నిలబడ చాతగాలే. ఇద్దరు పట్టి లేపిండ్రు. నాలుగో దినం వెల్గటూరు దిక్కు గోదావరి ఒడ్డున పీనుగుందని కబురు. పోలీసోళ్ల మీద తుపాకి పేల్చిండట! లేచి నిలబడ చాతగానోడు!

నువ్వు తల ఊపకు. నీది తప్పని నేనంటలేను. నేను పంపిన, నువ్వు అచ్చేసినవు. అంతే.

అసలుది ఇను. వాడకట్టంత ఒకటే అడుగుడు, ఎవలు జెప్పిండ్రు అని. గుంత సంగతి బయట ఎవలకు తెలుసు? పక్కింటి ఆగయ్యకు తెలుసు. బాపు దోస్తు, గా చెక్కలు కొట్టింది ఆయననే. గా పొద్దుగాల ఎస్సై వాకిట్ల నిలబడి అగ్గిపెట్టె అడిగితె ఇచ్చిండు. అంతే ఆయన చేసిన నేరం. తుపాకి పట్టుకున్నోడు అడిగితె నువ్వు ఇయ్యవా? నువ్వయితె సిగరెట్టు ముట్టిచ్చి సుత ఇస్తవు.

అవ్వ ఆయన మీద దుమ్మెత్తి పోసింది. ఆయన గోడ మీద అన్నల కాయిదం పడ్డది, ఇన్‌ఫార్మర్ అని. ఆగయ్య బొంబాయి కాడి భివండికి పారిపోయిండు. ఆయన భార్య బాలమణి సిరిసిల్లలనే ఉండిపోయింది. ఆరేండ్లు ఆమెతోని ఒక్కలు మాట్లాడలే. బోరింగు కాడికి ఆమె అస్తె మిగతోళ్లు బిందెలు తీసుకోని పక్కకు జరిగేటోళ్లు. నేను సుత జరిగిన.

మొన్న ఆగయ్య తిరిగచ్చిండు. బాలమణికి పచ్చవాతం అచ్చి కాలు చెయ్యి పడిపోయినయి, సూసుకునేటోళ్లు లేరు. ఆయన అచ్చిన మూడో దినమే అన్నల కాడి నుంచి కబురచ్చింది. ఎల్లుండి గంభీరావుపేట అవతలి పల్లెకు రావాలె, జనం ముందట జవాబు చెప్పాలె. ఇన్‌ఫార్మరని పేరు పడ్డోడు ఆడికి పోతె ఎట్ల తిరిగస్తడో నీకు నేను చెప్పాల్నా?

పారిపో బాపూ అని ఆగయ్యతోని అన్న. "ఈమెను ఇడిసి ఏడికి పోవాలె బిడ్డా" అన్నడు. నన్ను బిడ్డా అన్నడు రాజమౌళీ.

అందుకే నాకు గీ బుక్కు కావాలె. నాది పోలీసోళ్లకాడనే పోయింది. ఉత్త నోటితోని చెప్తె ఎవలు నమ్ముతరు, ముసలాయన మీద ప్రేమతోని అంటాంది అంటరు. నలభై మూడో పేజీ ముందట పెడుత. రాండ్రి మా ఇంటికి, టేపు పట్టి కొలుసుకోండ్రి అంట. గీసింది నేను, అచ్చుకు పంపింది నేను, ఊరంత తిప్పుతాంటే మురిసింది నేను. ఆగయ్య ఇచ్చింది అగ్గిపెట్టె, నేనిచ్చింది తొవ్వ.

ఏందీ? మొదటి పేజీల నీ పేరుందా? సంపాదకుడు అనా? చింపుకో. అగో బ్లేడు, సక్కగ కోసుకో, బుక్కు చెడదు. నీ పేరు నువ్వు తీసుకపో, నా పేజీ నాకిడిసిపెట్టు.

నన్నేం జేస్తరంటవా? చెయ్యనీ. అన్నలను కలిసినవని పోలీసోళ్లు పట్టుకపోతె పట్టుకపోనీ. మా ఇంటాయన వద్దన్నడు, ఏడ్సిండు, తిండి మానేసిండు. నేను కలిపి తినిపిచ్చి పనికి తోలిన. మనసుల అనుకున్నంక నన్ను ఆపేటోడు ఇంకా పుట్టలే. అవ్వకు సుత మొన్న చెప్పిన. కండె సుడుతాంటే చెయ్యి ఆగింది, ఇంకా ఆగే ఉంది.

ఆరేండ్లు ఎందుకు సప్పుడు జెయ్యలే అని అడగాల్నని ఉంది నీకు. చెప్త, ఇంట్లోళ్లకు సుత చెప్పలేంది చెప్త.

తమ్ముని దినాల నాడు అన్నల మనిషి ఒకాయన మామూలు బట్టల అచ్చిండు. నన్ను పక్కకు పిలిసి, "అక్కా, నీకు ఎవల మీద అనుమానం?" అన్నడు. అప్పటికే నేను బుక్కు సూసిన. టేపు సూసిన. ఎట్ల దొరికిండో నాకంటె బాగ తెలిసినోళ్లు గీ భూమ్మీద లేరు. తెలిసి, మంచిగ తెలిసి, అగ్గిపెట్టె ముచ్చట జెప్పిన. ఆగయ్య పేరు ముందు పలికింది నేనే.

అవ్వ కాదు, వాడకట్టు కాదు. నేను.

కండ్లు దించకు. నేను దించుతలేను. వివరాలు కావాలంటివి గదా, ఇగ వివరాలన్నీ తెలిసినయి. రాస్తవో రాయవో నీ ఇష్టం. రాయకుంటే గంగారాం ఫోటో పెద్దగ ఏసుకో, జాగ మిగులుతది.

బుక్కు మీద నుంచి చెయ్యి తియ్యి. సిరిసిల్ల బస్సు నాలుగున్నరకుంది.