మెట్ల కింది గది

పాత ఇల్లు. మెట్ల పక్కన, గోడ ముందు తట్ట తిరగేసుకుని దాని మీద కూర్చుంది అమ్మమ్మ. పలుగు పట్టుకుని ఎదురుగా నిలబడింది మనవరాలు. ఆ ఇల్లు పడగొట్టే పని ఒప్పుకున్నది ఆమే.

"ఆ పలుగు కింద పెట్టి ఇలా రావే. దగ్గరికి రా. ఇంకాస్త. ఇది అరిచి చెప్పే మాట కాదు."

"మధ్యాహ్నానికి జట్టు వచ్చేస్తుంది అమ్మమ్మా. ఈలోగా ఈ గోడ వెనక ఏముందో నేను చూసుకోవాలి. అసలు నువ్వెలా వచ్చావు? మోకాళ్ళ నొప్పులని వారం నుంచి మంచం దిగలేదుగా?"

"ఆటో ఎక్కాను. మోకాళ్ళు కూడా నాతోపాటే వచ్చాయి. కూర్చో."

"ఐదు నిమిషాలే."

"ఈ ఇంట్లో ఎవరెవరుండేవారో తెలుసా నీకు? మేడ మీద కాంపౌండరు. ఆయన గురక పెడితే కిటికీ రెక్కలు కొట్టుకునేవి. పెళ్ళాం చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేది. వీధి గదిలో లెక్కల మేష్టారు, ఒంటి మనిషి, చొక్కా తిరగేసి తొడుక్కుని బడికి పోయేవాడు. వెనక రెండు గదుల్లో దర్జీ, పెళ్ళాం, ఇద్దరాడపిల్లలు..."

"ఇవన్నీ ఇంటికెళ్ళాక చెబుదువుగానిలే."

"ఇంట్లో చెప్పలేనే. అరవై ఏళ్ళుగా ఇంట్లోనేగా ఉన్నాను, చెప్పానా?"

"సరే, చెప్పు."

"ఇంటివాళ్ళు అన్నదమ్ములు. పంపకాల దగ్గర కొట్టుకు చచ్చారు. ఇల్లు రెండు చేస్తూ మధ్య గోడలు కట్టింది మేమే. నెల రోజులు పట్టింది. చివరికి ఈ మెట్ల కింది గది నాదంటే నాదని మళ్ళీ రచ్చ. ఎవరికీ వద్దు, మూసేయండి, అద్దెకున్నవాళ్ళు కూడా ఖాళీ చేయండి అని పెద్దమనుషులు తేల్చారు. మీ తాత ఇటుక పెట్టాడు, నేను తట్ట మోశాను."

"తాత తాపీ పని చేశాడా? సున్నాలు వేసేవాడుగా!"

"అది తరవాత. ఆయన కట్టిన ఆఖరి గోడ ఇదే."

"ఎందుకు మానేశాడు?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. మా జట్టులో ఒక పద్ధతుండేది. ఏ గది మూసినా, పై వరస పెట్టేముందు 'లోపల ఎవరన్నా ఉన్నారా' అని మూడుసార్లు పిలవాలి. కోడో కుక్కో దూరుతుందని. మేస్త్రీ కట్టాలి, తట్ట మోసే మనిషి పిలవాలి."

"పిలిచావా?"

"పిలిచాను. మూడుసార్లూ పిలిచాను. గట్టిగానే పిలిచాను."

"మరి ఇందులో ఇన్నేళ్ళు దాచాల్సిందేముంది?"

"నడుమెత్తు గోడ లేచాక భోజనానికి వెళ్ళాం. మండుటెండలు. ఈ గది చల్లగా ఉండేది. దర్జీ చిన్నపిల్ల, ఆరేళ్ళది, అందులో దూరి పడుకునేది. ఆ పొద్దు అందరూ బళ్ళకి సామాన్లు ఎక్కించుకుంటున్నారు, ఎవరి గోల వాళ్ళది. అది గోడెక్కి లోపలికి..."

"ఆగు. ఆగాగు. పిలిచావన్నావుగా! పలకలేదా?"

"ఎలా పలుకుతుంది? దానికి పుట్టుచెవుడు."

"అయ్యో... లేచాక ఏడ్చి ఉండదా? గోడ బాది ఉండదా?"

"బాదే ఉంటుంది. సాయంత్రానికి ఇల్లు ఖాళీ. అన్నదమ్ములు తాళాలేసుకుని పోయారు. దానికి బళ్ళ వెంట పరిగెత్తే అలవాటు, అందుకని అందరూ బయటే వెతికారు. రోడ్లు వెతికారు, చెరువు వెతికారు, రైలు పట్టాలు వెతికారు. మేమూ వెతికాం."

"మరి మీకెప్పుడు తెలిసింది?"

"ఎనిమిదో రోజు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు మీ తాత, ఆ రోజు సగం గోడ వదిలేసి భోజనానికి వెళ్ళామని గుర్తొచ్చి. పలుగు తీసుకుని ఇక్కడికొచ్చి, పెరటి తలుపు గడియ తప్పించి లోపలికి దూరాడు. గోడకి చెవి ఆనించాడు. అలాగే తిరిగొచ్చాడు. 'ఇక తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే' అన్నాడు. సరే అన్నాను. మీ అమ్మ నా కడుపులో ఉంది. ఆయన జైలుకి పోతే నా గతేంటనుకున్నాను."

"నన్నిప్పుడేం చెయ్యమంటావు? ఇది బయటికొస్తే తాత పేరు, నా పేరు... నాకింక ఎవరైనా పని ఇస్తారా?"

"ఇవ్వకపోవచ్చు. అయినా నువ్వే తీయాలి, జట్టు రాకముందే. వాళ్ళ పారకి దొరికితే మట్టితో కలిసి లారీలోకి పోతుంది ఆ పిల్ల. దాని అక్కుందే, కూరల బజారు వెనక ఉంటుంది. కనబడినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని 'అక్కా, మా చెల్లి ఎక్కడో చోట బతికే ఉంటుంది కదూ' అంటుంది. 'ఉంటుందమ్మా' అంటాను. అరవై ఏళ్ళుగా అదే అంటున్నాను."

"లే, కాస్త పక్కకి జరుగు. దుమ్ము పడుతుంది."

"తీస్తావా?"

"తీస్తాను. ఆమె దగ్గరికీ నేనే వెళ్తాను. తెలియక జరిగిందని కాళ్ళు పట్టుకుని చెబుతాను. పద్ధతి ప్రకారం పిలిచారుగా మీరు. పిల్లకి చెవుడని మీకేం తెలుసు, పాపం!"

"మీ తాతకి తెలీదు. ఆయన ఇటుక మీద నుంచి కళ్ళు ఎత్తే మనిషి కాదు. ఇదంతా మనసులో పెట్టుకో తల్లీ. ముందు ఆమెకి చెప్పు, తరవాత నీ పిల్లలకి చెప్పు, వాళ్ళ పిల్లలకీ చెప్పమను. కానీ 'మా అమ్మమ్మకి తెలీదు' అని మాత్రం ఎవరికీ చెప్పకు. ఆ నెల రోజులూ దానితో సైగలు చేసి ఆడుకున్నది నేనే."