కారు ఆపించిందెవరు?

బేకరీ ముందు ఆగిన క్యాబులో ఆపద గంట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. "ప్రయాణికురాలు ప్రమాదంలో ఉన్నారు" అంటూ డ్రైవరు ఫోను తెర ఎర్రబడింది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక సీట్లో ప్రయాణికురాలు మాత్రం నింపాదిగా కేకు తింటోంది.

"పెద్దమ్మా, గంట మీరు నొక్కారా?"

"రెండు చేతులకీ క్రీమే ఉంది, ఎలా నొక్కుతాను నాయనా?"

"మన కారు ఎక్కడుందో ఫోన్లో ఇంకెవరికైనా కనబడుతోందా?"

"మా అమ్మాయికి. కారు ఆగితే చాలు, దాని గుండె ఆగుతుంది."

"అయితే ఆవిడే నొక్కారు. ఇంటివాళ్లూ తమ ఫోన్లోంచి ఈ గంట నొక్కేలా యాప్‌ని కొత్తగా మార్చారు. త్వరగా ఫోన్ చేసి, ఎందుకు ఆగామో చెప్పండి!"

"అమ్మో! నాకు షుగరు. ఇంట్లో తీపి వాసన కూడా చూడనివ్వదు. టైరు పంక్చరైందని నువ్వే చెప్పెయ్."

"అబద్ధమని తేలితే క్యాబ్ కంపెనీలో నా ఐడీ ఊడుతుంది, ఇక బేరాలుండవు. రేపట్నుంచి ఈ కారులో మా ఆవిడతో షికార్లు తిరగాలి."

"పోనీ, నీకే ఆకలేసి ఆపావని..."

"కేకు మీకు, కేసు నాకా పెద్దమ్మా?"

ఇంతలో కంపెనీ కంట్రోల్ రూమ్ నుంచి ఫోను వచ్చింది. లైన్లో కూతురు కూడా ఉంది. కారు ఎందుకు ఆగిందో చెప్పకపోతే డ్రైవరు ఐడీ ఇప్పుడే ఆపేస్తామన్నారు. అతను ఫోను వెనక్కి చాపాడు. ఆవిడ అతని ముఖం చూసి, నోట్లో ముక్క గబుక్కున మింగింది.

"ఆ అబ్బాయినేం అనకండి. వింటున్నావుటే అమ్మాయ్? కేకు కోసం కారు ఆపించింది నేనే!"