పెట్టె అడుగున డెంజిల్ ఏరుకున్న తుపాకి

వాగ్దేవీ! సత్యవ్రతుని జిహ్వపైనా, కోతలరాయుని నాలుకపైనా ఒకే ఆదరంతో కొలువుండే తల్లీ! దుఃఖం గొంతుకు అడ్డుపడి నిజం పలకలేనివేళ, అబద్ధానికి అలంకారాలు తొడిగి సభలోకి పంపే కరుణామయీ! నీ పాదపద్మాలకు ప్రణమిల్లి ఈ కథ ఆరంభిస్తున్నాను. ఇది కెంటకీ కొండల నడుమ, బొగ్గుగని మూతపడిన ఒక చిన్న ఊరిలో కాలం చేసిన డెంజిల్ హెన్స్‌లీ కథ. అతడు కొన్న తుపాకి కథ. ఆ తుపాకిని గురించి అతని పినతల్లి కొడుకు ఆర్లిస్ కోంబ్స్ ఒకనాటి మధ్యాహ్నం కోసిన కోతల కథ.

డెంజిల్ సమాధిపై మట్టి ఇంకా తడి ఆరలేదు. జూలై ఎండ కొండవాలు మీదుగా దిగి అతని ఇంటి వసారా అంచును తాకుతోంది. వసారా గోడ పొడవునా, నీడలో, అతడు జీవితమంతా కూడబెట్టిన పాత సైనిక తుపాకులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఏవేవో దేశాల సేనలు మోసి, అలసి, గిడ్డంగులలో పారవేసినవి. కలిగినవారు కన్నెత్తి చూడనివి. ఖరీదైన ఆయుధం ఒక్కటీ వాటిలో లేదు. గని కూలి మీద బ్రతికిన మనిషి తన స్తోమతకు అందినవాటినే ఏరి, తుడిచి, ఒక్కొక్కదానికీ గోడమీద ఒక్కొక్క కొయ్యమేకు కొట్టి గౌరవించాడు.

చివరి రోజులలో అతడు భార్య వెర్నాతో ఒక మాట చెప్పాడు. "ఇవన్నీ అమ్మెయ్. ఒకటి మాత్రం ఉంచుకో." ఏది ఉంచుకోవాలో ఆమె అడగలేదు. అడిగితే అతడు పోతున్నాడని ఒప్పుకున్నట్లవుతుందని ఊరుకుంది. ఇప్పుడు అడగడానికి అతడు లేడు. పాత తుపాకులు కొనే ప్రూయిట్ లెక్సింగ్‌టన్ నుంచి బండి తోలుకుని వచ్చి, గుమ్మం ముందు ఆపి, వసారాలో కూర్చున్నాడు.

"తొందరేం లేదమ్మా," అన్నాడు ప్రూయిట్, టోపీ ఒళ్ళో పెట్టుకుని. "మీకు కావలసినది తీసి పక్కన పెట్టుకోండి. మిగిలినవే నేను బండికెక్కించుకుంటాను."

వెర్నా వరుసను ఈ చివరినుంచి ఆ చివరికి చూసింది. "నాకు అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. తప్పుది ఉంచుకుని సరైనది పంపేస్తే? ఆయన ప్రాణం దేనిమీద ఉండేదో మీరైనా చెప్పండి."

పొరుగింటి హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో, ఈ స్విట్జర్లాండుది. కొయ్య నునుపు చూడు వెర్నా. ఆదివారం ఆదివారం దీనికి నూనె రాస్తుంటే ఎన్నిసార్లు చూశానో."

"నిజమే, వీటన్నిటిలోకీ అందమైనది," అన్నాడు ప్రూయిట్.

వెర్నా చేయి దానివైపు సాగి, తెలియక, మధ్యలో ఆగింది. అప్పటివరకూ మెట్టుమీద కూర్చున్న ఆర్లిస్ లేచాడు. వరుస చివర, అన్నిటి వెనుక, గోడకు ముఖం తిప్పి నిలబెట్టిన ఒక నల్లని కురచ తుపాకిని తీశాడు. దాని కొయ్య ఒక చెంపన మాడిన రొట్టెలా ఉంది. దానిని తెచ్చి వసారా కటకటాలకు ఆనించి, నిండు ఎండలో నిలబెట్టాడు.

"అదెందుకయ్యా ఎండలో?" అన్నాడు హోబర్ట్.

"నీడలో దీనికి పౌరుషం రాదు," అని ఆర్లిస్ ఐస్ వేసిన తియ్యటి టీ గ్లాసు పట్టుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అసలు దీన్ని కొనిపించింది ఎవరనుకున్నారు? నేను! గని మూసేసిన ఏడు. చేతిలో పని లేదు. అయినా కొట్టువాడు రష్యా తుపాకుల పెట్టెలు దించాడని తెలిసేసరికి మావాడి కాలు నిలవలేదు. ‘చూసొద్దాంరా ఆర్లిస్, చూడ్డానికి ఏం పోతుంది’ అన్నాడు. వెళ్ళాం. పెట్టె మూత తీస్తే తుపాకులు కనబడితేగా! తుప్పు పట్టకుండా పోసిన గ్రీజే అంతా. గోధుమరంగు, మైనంలాగా, చెయ్యి పెడితే ముంజేతి దాకా దిగబడిపోతుంది. జనమంతా పైనున్నవాటిమీద పడ్డారు. గొట్టంలోకి దీపం పెట్టి చూసేవాడొకడు, గుండు ఎక్కించే బోల్టు మీద అంకె, గొట్టం మీద అంకె కలిశాయా లేదా అని కళ్ళజోడు సర్దుకునేవాడొకడు. నేనన్నానూ, ‘డెంజిల్, పైనున్నవి ఫొటోకి నిలబెట్టినవిరా. అన్నిటికంటే చవకది కావాలంటే అడుగున చెయ్యి పెట్టు’ అని. పెట్టాడు. మోచెయ్యి దాకా పోయింది, భుజం దాకా పోయింది, చెంప గ్రీజుకి ఆనింది. అప్పుడు నావైపు చూసి, ‘ఆర్లిస్, ఏదో నా చెయ్యి పట్టుకుందిరా’ అన్నాడు."

"తుపాకి చెయ్యి పట్టుకుందా?" అన్నాడు హోబర్ట్.

"పట్టుకోవడమా! వాణ్ణి లాగడానికి కొట్టువాడూ, నేనూ, తుపాకుల లైసెన్సులు చూడ్డానికొచ్చిన ఆఫీసరూ కలిసి నడుములు పట్టుకుని లాగాం. ఇది వాడి చెయ్యి వదల్లేదు. వదలకపోతే కొట్టువాడు ఏం చేస్తాడు, ‘ఇదింకెవరికీ అమ్ముడుపోదు, తీసుకుపోవయ్యా బాబూ’ అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పక మానతావా?"

"ఇంటికి తెచ్చాం. బోల్టు తెరుచుకోదు. దుంగ పెట్టి కొట్టాం, దుంగ విరిగింది. ట్రాక్టరుకి కట్టి లాగాం, ట్రాక్టరు వెనక్కొచ్చింది. చివరికి డెంజిల్ దాని చెవిలో, అంటే ఇదిగో ఈ పక్కన, మెల్లిగా ‘దయచేసి’ అన్నాడు. టక్కున తెరుచుకుంది. మర్యాద తెలిసిన తుపాకి! గుండు పెట్టాడు. ఇదిగో, ఇప్పుడు వదిన నిలబడ్డ చోటే నిలబడి కాల్చాడు. తన్నింది చూడండీ, మనిషి లేడు! బూట్లు మాత్రం ఉన్నాయి, లేసులు కట్టినవి కట్టినట్టే. మనిషి వెళ్ళి నదికి అవతల మా నాన్నగారి మొక్కజొన్న చేలో పడ్డాడు. పొద్దుగూకేసరికి మేజోళ్ళతో నడిచొచ్చాడు, జేబులనిండా కంకులు."

ప్రూయిట్ నవ్వాడు. "ఏ నెలలో అది?"

"డిసెంబరు."

"డిసెంబరులో కంకులా?"

"అక్కడికే వస్తున్నాను గదా, ఆగండి! గొట్టం మూతినుంచి వచ్చిందండీ మంట, మోకాటి లోతు మంచు లోయ పొడవునా ఒక్క లిప్తలో కరిగిపోయింది. చెట్లు వసంతం వచ్చేసిందనుకుని పూశాయి. మా పాస్టరుగారు కిటికీలోంచి చూసి, క్రిస్మస్ పక్కన పెట్టి ఈస్టరు ప్రసంగం మొదలెట్టేశాడు. ఆ వేడికే కంకులు పాలుపోసుకున్నాయి. సరే, గుండు సంగతి? ఎదురుకొండలో దూరి అటువైపు తేలింది. ఆ కన్నంలోంచే ఇప్పుడు హైవే పోతోంది."

"ఆ సొరంగం తవ్విన కూలీల్లో మా నాన్న ఉన్నాడు," అన్నాడు హోబర్ట్.

"మీ నాన్న అంచులు నున్నగా చేశాడు. కాదన్నానా?"

వెర్నా పెదవి చివర ఏదో కదిలి, మళ్ళీ నిశ్చలమైంది. వసారా కప్పు నీడ తుపాకి మీదికి జరగసాగింది. ఆర్లిస్ కథ మధ్యలోనే లేచి, దానిని మరో జానెడు ఎండలోకి జరిపి, కొయ్యమీద అరచేయి ఆనించి చూసి, వచ్చి కూర్చున్నాడు.

"కొండ దాటి ఊరుకుందా ఆ గుండు? సముద్రం దాటింది. రష్యాలో ఈ తుపాకి పుట్టిన కార్ఖానా కిటికీలోంచి తొంగిచూసి, ‘మీ పిల్ల క్షేమం, కెంటకీలో మంచి ఇంట్లో పడింది’ అని చెప్పి, అటునుంచి అటే భూమి చుట్టూ తిరిగి, మళ్ళీ ఈ వసారా ముందునుంచే పోయింది. ఆగలేదు. ఇప్పటికీ ఆగలేదు. ఏటా ఒకసారి ఈ దారినే వస్తుంది. ఆవేళకి డెంజిల్ ఇదిగో ఈ కుర్చీలోంచి లేచి టోపీ తీసేవాడు. ‘ఎందుకురా’ అంటే, ‘అంత దూరంనుంచి వచ్చేదానికి ఆమాత్రం మర్యాద చెయ్యొద్దా’ అనేవాడు."

టీ గ్లాసులో ఐసు కరిగి చప్పుడు చేసింది. ఆర్లిస్ గ్లాసులోకి చూస్తూ, గొంతు తగ్గించాడు.

"ఈ ఏడూ వచ్చింది. ఆసుపత్రి కిటికీ పక్కనుంచి పోతుంటే మావాడు చూశాడు. నేను పక్కనే ఉన్నాను. ‘ఆర్లిస్, దాని పని అయిపోయిందిరా, వంగిపోయి ఎగురుతోంది, ఇన్నేళ్ళు తిరిగి తిరిగి. పోయి పట్టుకొస్తాను’ అన్నాడు. వద్దన్నాను. వదిన కాఫీ తేవడానికి కిందికెళ్ళింది, వచ్చేదాకా ఆగరా అన్నాను. నా మాట ఎప్పుడు విన్నాడు? వెళ్ళాడు. బూట్లు మంచం కిందే ఉన్నాయి. లేసులు కట్టినవి..."

 హోబర్ట్ ఎగతాళి చేయలేదు. ప్రూయిట్ టోపీ అంచును వేళ్ళతో త్రిప్పసాగాడు.

"పట్టుకుంటాడు," అన్నాడు ఆర్లిస్ మొండిగా. "డెంజిల్ నడక మీకు తెలియదు. సముద్రం అంచున పట్టేసుకుంటాడు."

"ఆర్లిస్," అంది వెర్నా. "ఆ తుపాకి ఒక్కసారి కూడా పేలలేదు."

"వదినా..."

"పేలలేదు. నదీ దాటలేదు, రష్యాకీ పోలేదు. అది పోయింది ఒక్కచోటికే. నా ఓవెన్‌లోకి!"

ప్రూయిట్ తల ఎత్తాడు. "గ్రీజు కరిగించడానికా?"

"ఇంకెందుకు? సన్నసెగ పెడితే కొయ్య తాగిన గ్రీజంతా కక్కేస్తుందని ఎవడో చెప్పాట్ట. థాంక్స్‌గివింగ్ పండగ ముందురోజు నేను చర్చికి పోవడం చూసి, కొయ్య విప్పి నా ఓవెన్‌లో పెట్టారు ఈ మహానుభావులిద్దరూ. పొడుగు పట్టకపోతే తలుపు సగం తెరిచి తీగతో కట్టారు. కట్టి, వెనక పెరట్లో కూర్చుని కబుర్లలో పడ్డారు. నేను వచ్చేసరికి ఇల్లంతా పొగ. ఇదిగో ఈయనగారు కిటికీ దగ్గర నా మంచి తువ్వాలుతో పొగని విసురుతున్నాడు. ఆయనేమో ఆ మాడిన కొయ్యని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని దించడానికి చోటు దొరకనివాడిలా నిలబడ్డాడు. కొయ్య మెడ దగ్గర నిలువునా బీట పడింది. బీటపడ్డ కొయ్యతో కాల్చకూడదట. అందుకని ఏనాడూ కాల్చలేదు."

"చవకగా వచ్చిందని ఎంత సంబరపడ్డాడో," అన్నాడు ఆర్లిస్ నేల చూస్తూ.

"ఆ తరవాత ఆ ఓవెన్‌లో ఏం వండినా అదే వాసన. మొక్కజొన్న రొట్టె చేస్తే గ్రీజు వాసన, ఆపిల్ ‘పై’ చేస్తే గ్రీజు వాసన. క్రిస్మస్ కేకు రష్యా సైన్యానికి వండినట్టుండేది. ఎంత తోమినా వేడెక్కేసరికి మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా తిట్టేదాన్ని. ఆయన నవ్వుతూ తినేవాడు. పోయిన ఏడు, జబ్బు సంగతి తెలియకముందు, ‘నీ నోరు నొప్పి పుడుతుంది’ అని కొత్త ఓవెన్ తెచ్చి పెట్టించాడు. పాతది తుక్కుబండికి ఎత్తించాడు. నేనెంత సంతోషపడ్డానో!"

ఆమె మెట్టుమీద కూర్చుంది.

"ఇవాళ పొద్దున రొట్టె చేశాను. ఏ వాసనా లేదు. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఒక్క ముక్క దిగలేదు ఆర్లిస్. ఇల్లంతా వెతికాను, ఎక్కడా లేదు."

ఆర్లిస్ నేలమీదినుంచి చూపు ఎత్తాడు. అంతవరకూ ఆ వసారాలో ఎవరూ వినని మెత్తని గొంతుతో అన్నాడు.

"వదినా, ఒక్కసారి దాని దగ్గరికెళ్ళు. ఎండలో ఉంది కదా."

వెర్నా లేచి కటకటాల వద్దకు నడిచింది. అంతటి మంటకూ కక్కని గ్రీజు ఆ మాడిన చెంప లోతుల్లో ఇంకా మిగిలే ఉంది. మధ్యాహ్నపు ఎండకు బీట వెంబడి, రంధ్రరంధ్రం నుంచీ, గోధుమవన్నె బిందువులు పైకి ఉబికి మెరుస్తున్నాయి. ఆమె ఒక బిందువును వ్రేలితో తుడిచి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మరుక్షణం మోకాళ్ళపై కూలబడి, ఆ కొయ్య చెంపకు తన చెంప ఆనించి కన్నులు మూసుకుంది. కన్నీరూ గ్రీజూ కలిసి ఆమె ముఖాన ఒకే చార అయ్యాయి.

హోబర్ట్ కొండవైపు తిరిగాడు. ప్రూయిట్ లేచి, నునుపైన స్విట్జర్లాండు తుపాకిని మొదట ఎత్తుకుని, పసిపాపను మోసినట్లు జాగ్రత్తగా బండిలో పరుండబెట్టి, మిగిలినవాటి కోసం తిరిగి వచ్చాడు.

బండి మలుపు తిరిగి కనుమరుగైన తర్వాత వెర్నా తల ఎత్తింది. చెంప నల్లగా ఉంది.

"చలికాలం వస్తే? ఎండ ఉండదుగా?" అని అడిగింది.

ఆర్లిస్ కళ్ళు తుడుచుకున్నాడు.

"కొత్త ఓవెన్ ఉంది కదా వదినా. తలుపు కట్టడానికి తీగ నేను తెస్తాను."

"నా ఓవెన్ జోలికొచ్చావంటే చంపేస్తాను," అంది వెర్నా, ఏడుస్తూ, నవ్వుతూ, భుజాన ఉన్న తువ్వాలు తీసి అతనిమీదికి విసురుతూ. కొంతసేపటికి, "పెద్ద తీగ తీసుకురా. అప్పుడు తెచ్చింది కురచైంది," అంది.

ఈ కథ చెవిన వేసుకున్నవారి ఇళ్ళలో పొయ్యి చల్లారకుండు గాక. వారిని విడిచిపోయినవారు ఏ కొయ్యలోనో, ఏ గుడ్డలోనో కొంచెమైనా మిగిలి ఉందురు గాక. దానిని వెలికి తెచ్చే ఎండ వారి వసారాలలో కాయుగాక. ఆ ఎండ వచ్చేదాకా కథ సాగదీయగల అబద్ధాలకోరు బంధువొకడు ప్రతి ఇంటా చిరంజీవియై వర్ధిల్లు గాక.