ఫ్రోకెన్ బెయాటా అడిగింది ఒక్కటే

ఎవరు, ఆ మేడలో ఉండేదే, ఆవిడా? ఫ్రోకెన్ బెయాటా ట్రానెస్టెన్, అమ్మాయీ. పెళ్ళి కానావిడ గదా, ఊరంతా ఫ్రోకెన్ అనే పిలిచేవాళ్ళు. మా అమ్మా నేనూ వాళ్ళింట్లో బట్టలుతికేవాళ్ళం. అబ్బో, ఆ దుప్పట్లు! ఒక్కోటి పిండాలంటే ఇద్దరం చెరో కొసా పట్టుకోవాలి... ఏం చెప్తున్నాను? ఆఁ, డాలు. వాళ్ళ వంశం గుర్తు వేసిన డాలు చర్చి గోడకి వేలాడేది. నీలం మీద తెల్ల కొంగ, ఎత్తిన కాలి గోళ్ళలో రాయి. కునుకు పట్టిందా, రాయి జారుతుంది, కొంగ ఉలిక్కిపడి లేస్తుంది. "ఆ ఇంట్లో కష్టపడేది ఆ కొంగొక్కటేనే" అనేవాడు మా నాన్న.

ఈవిడ తమ్ముడు కాస్పర్ గుర్రం మీంచి పడి చచ్చిపోయాడు. పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. వంశంలో ఆఖరి మగవాడు పోతే ఆ డాలుని శవపెట్టె దగ్గరే సుత్తితో పగలగొట్టి, ముక్కలు గోతిలో వేసేస్తారు. అది వాళ్ళ రివాజు. ఈవిడేమో మేనమామ కర్నల్ గారి దగ్గరికెళ్ళి, "మామయ్యా, నేనున్నాను గదా. నేను పోయాక పగలగొట్టండి, అందాకా ఉంచండి" అంది. ఆయన మీసం సవరించుకుని, "ఆడపిల్లలు లెక్కలోకి రారమ్మా, బెయాటా" అన్నాడు. ఎంత మెల్లిగా అన్నాడనుకున్నావ్, పసిపిల్లకి చెప్పినట్టు! ఈవిడ ఊరుకుంటుందా? "మరి నన్ను పెంచిన దాదికి ముందే చెప్పాల్సింది మామయ్యా, పాపం, లేని మనిషికి పాలు పట్టింది" అంది.

అయినా పగలగొట్టారు. కర్నలే కొట్టాడు. "ట్రానెస్టెన్ వంశం నేటితో సమాప్తం" అని గట్టిగా చదివాడు. మొదటి వరసలో నల్లబట్టల్లో ఆవిడ నిలబడే ఉంది, నిటారుగా. ఒక్కరంటే ఒక్కరు ఆవిడ మొహం చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ తర్వాత ఎవరైనా ఇంటిపేరు పెట్టి పిలిస్తే, "ఆవిడ పోయింది నాయనా, మీరంతా వచ్చారుగా సాగనంపడానికి" అనేది. అలాగే ముసలిదైపోయింది. ఆవిడ పోయిన రోజు ఊరంతా వెళ్ళాం. పెట్టె దింపారు. పాస్టరు ప్రార్థన ముగించాడు. ఎవరూ కదల్లేదు. దేనికోసమో ఆగాం, అందరం. ఏముందని, పగలగొట్టడానికి? ఆవిడకి అది కూడా మిగల్చలేదు...

బంగాళాదుంపలు ఉడికినట్టున్నాయి చూడు. నీళ్ళు వంచెయ్, మెత్తబడిపోతాయి.