పన్నెండో ఫ్యూజు

బయట వాన. బండ్ల షెడ్డులో పని బల్ల మీద ఫోన్ పెట్టుకుని, బైకు కంపెనీవాళ్ల కొత్త మోడళ్ల విడుదల చూస్తున్నారు ఇద్దరు: మెకానిక్, రైడర్ల క్లబ్ కెప్టెన్.

"నాలుగు మోడళ్లట, నాలుగూ ఊయలలే! చూస్తున్నావా మేస్త్రీ? ఆ ఎర్రదాని సీటు చూడు, సోఫా సెట్టులా ఉంది."

"ఇంజిన్ బాగుందిగా కెప్టెన్."

"ఏం బాగు? నాలుగింటికీ ఏబీఎస్ తీసేయడానికి వీల్లేదట. దాని ఫ్యూజు పీకితే అసలు బండే స్టార్టవదట! మన గ్రూపులో అప్పుడే మొదలెట్టేశారు, విను. 'పక్క చక్రాలు కూడా ఇవ్వండి సార్.' ఇంకోడు, 'మా నాయనమ్మకి బుక్ చేశా.' హహ్హ!"

"సడన్‌గా బ్రేకేస్తే చక్రం బిగుసుకుపోకుండా కాపాడేదేగా. ఉంటే పోయేదేముంది?"

"మగతనం పోతుంది. బ్రేకు వేళ్లలో ఉండాలయ్యా, వైర్లలో కాదు. క్లబ్బులో చేరిన ప్రతివాడి ఫ్యూజూ పీకింది నేనే. ఇదిగో, తాళాల గుత్తికి కట్టుకున్నా. పదకొండు."

"ఆ చివరిది... మా తమ్ముడిదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? ఆ నల్లదాని ధర చూడు, ధర!"

"ఊరికే అడిగా."

"పోయినోడిని అనకూడదు గానీ, మీవాడికి చేతకాలేదు మేస్త్రీ. తడి రోడ్డు, కొండ మలుపు. బ్రేకు అలా తొక్కేస్తారా ఎవరైనా?"

"ఏబీఎస్ ఉందనుకున్నాడేమో."

"ఏమో."

"పీకేముందు చెప్పావా వాడికి?"

"చెబితే భయపడతాడు. పది రోజులు తెలీకుండా తిరగనిచ్చి, అప్పుడు అందరి ముందూ చెబుతాం. అదే మన పద్ధతి."

"ఏబీఎస్ పనిచేయకపోతే మీటర్లో పసుపు లైటు వెలుగుతుందిగా? చూసుకునేవాడే."

"లైటు మీద నల్ల టేపు ముక్క వేస్తాం కదా..."

"అవును. నుజ్జయిపోయిన మీటరు మీద చూశా. ఆర్నెల్లుగా ఆలోచిస్తున్నా, ఎవరేశారా అని."

"ఇదిగో, తప్పంతా నా నెత్తిన రుద్దకు! మిగతా పదిమందీ బతికే ఉన్నారుగా? చేతనైనోడు బతుకుతాడు."

"చేతనైనోడు బతుకుతాడు. సరే."

"అలా దారికి రా. మా అమ్మాయి బండి సర్వీసైందా? వాన పడుతోంది, నేనే ఇంటికి తీసుకుపోదామని వచ్చా."

"తనే వచ్చి తీసుకెళ్లిందిగా. అరగంటైంది. కొండ మీద ఫ్రెండ్స్ ఎదురుచూస్తున్నారంది."

"ఈ వానలోనా? లైసెన్సొచ్చి నెల కాలేదయ్యా! ఆపలేకపోయావా? ఉండు... ఫోనెత్తట్లేదు."

"బండి మీద ఉందిగా, ఎలా ఎత్తుతుంది?"

"బ్రేకులు చూశావా? సరిగ్గా చూశావా?"

"దగ్గరుండి చూశా. ఏదీ, ఆ గుత్తి ఇలా ఇవ్వు కెప్టెన్."

"ఎందుకు?"

"ఇది కూడా కడదామని."

"ఏంటది నీ చేతిలో? మేస్త్రీ... ఎవరిదది? దానికి చెప్పావా? మా అమ్మాయికి చెప్పావా?"

"చెబితే భయపడుతుంది కెప్టెన్. లైటు మీద టేపు కూడా వేశా."