పది గంటల సూది

హలో… ఆ, నేనే అన్నయ్యా, స్కానింగ్ గదిలోంచి. పది దాటి పావుగంటయింది. వదినేది?

…రావట్లేదా? ఎవరన్నారు, వదినేనా?

…నువ్వే తేల్చేశావా! గడ్డ ఆవిడ రొమ్ములో, తీర్పు నీదా?

…మామోగ్రాంలో ఏం కనబడలేదని నాకూ తెలుసు. కొందరికి అందులో రొమ్మంతా తెల్లగానే వస్తుంది, గడ్డా తెల్లగానే ఉంటుంది. పిండిలో సున్నం వెతకడమే! డాక్టరమ్మకి అనుమానం తీరకేగా ఈ స్కాన్ రాసింది?

…అబ్బ, ఎన్నిసార్లు చెప్పను? చక్కెరలాంటి రేడియేషన్ మందు ఎక్కిస్తాం. చెడ్డ కణాలుంటే ఆబగా లాక్కుంటాయి, తెరమీద వెలుగుతాయి. ముక్క ఎక్కణ్ణుంచి తీసి చూడాలో తెలుస్తుంది.

…రేపా? రేపటికేం మిగులుతుంది, నా మొహం! రెండు గంటలు తిరక్కుండానే సగం బలం పోతుంది దానికి. వదిన కోసం తెప్పించిన సూది, ఇదిగో, సీసం డబ్బాలో నా ఎదురుగానే—

…ఏంటీ? మళ్ళీ అను.

…కాఫీ ఇచ్చావా? పొద్దున్నే? చక్కెరేసి?

…పరగడుపున రావాలి, ఒంట్లో చక్కెర చేరితే స్కాన్ పనికిరాదని కాగితం మీద గీత గీసి మరీ ఇచ్చానే! పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఒక్కనాడు పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. ఇవాళే పుట్టుకొచ్చిందా ప్రేమ? కావాలనే చేశావు. కాదని నామీద ఒట్టెయ్!

…భయమా? నిప్పుమీద గుడ్డ కప్పితే ఆరిపోతుందా అన్నయ్యా?

…ఏడవకు. నా దగ్గర ఏడవకు, ఒళ్ళు మండిపోతోంది నాకు. ఫోన్ వదినకివ్వు… ఇవ్వమన్నానా!

వదినా… విన్నావా అంతా?

…మిషన్ చెడిపోయిందని నేను చెప్పానన్నాడా! ఎంత మాట… నిక్షేపంగా ఉంది మిషన్!

…ఏంటీ, తాగలేదా? సింకులో పోసేశావా? రాత్రి నుంచీ మంచినీళ్ళేనా? నా తల్లే!

…అయితే ఇప్పుడే టాక్సీ ఎక్కు. మందింకా పనిచేస్తుంది, నీ తర్వాతావిణ్ణి ముందు పంపిస్తా.

…తనూ వస్తానంటున్నాడా? నీ ఇష్టం. వస్తే బయట బెంచీమీద నోరు మూసుకుని కూర్చోమను.

…లేదు, పెద్దగా నొప్పుండదు. సూది గుచ్చాక గంటసేపు మాట్లాడకుండా పడుకోవాలి, అంతే.

…అది నాకు తెలీదు వదినా. ఏమీ ఉండదని అబద్ధం చెప్పలేను.

…ఒకటి మాత్రం చేస్తా. ఏం కనబడినా ముందు నీకే చెప్పమంటా డాక్టరమ్మని. అన్నయ్యకి కాదు. నీకు.

…ఊఁ. బయల్దేరు. పెట్టేస్తున్నా.