టీ వచ్చేదాకా

నోరు తెరవకు. చెయ్యి పైకెత్తినా లాభం లేదు. పేపరు రాసినవాళ్ళు టీ వచ్చేదాకా మాట్లాడకూడదు, ఈ ఇనిస్టిట్యూట్‌లో పద్ధతది. నేను పెట్టింది కాదు, నేను చేరకముందు నుంచీ ఉంది. రాసినవాళ్ళు కిక్కురుమనకుండా కూర్చోవాలి, మిగతావాళ్ళు ఉతికి ఆరెయ్యాలి.

మిగతావాళ్ళెక్కడా అని చూస్తున్నావా? కిటికీలోంచి చూడు. పచ్చిక మీద వరసగా నిలబడి ఫొటోలు దిగుతున్నారు. విరాళాలిచ్చే పెద్దమనుషులొచ్చారు కదా, మన పండితులందర్నీ ఎండలో నిలబెట్టి చూపిస్తున్నారు డైరెక్టరు గారు. నాతో మాత్రం, "సెమినారు ఇంతవరకూ ఒక్కసారీ ఆగలేదు మేడమ్, మీరిద్దరూ కానిచ్చెయ్యండి" అన్నారు.

"ఆ పేపరు మా చెల్లెలిదండీ, ఇంకెవరికైనా ఇవ్వండి" అని ముందే మొత్తుకున్నాను. వింటేనా? "అయితే ఏమైందమ్మా, మనమంతా ఒకే కుటుంబం కదా!" అని పకపకా నవ్వారు. ఆయన కుటుంబం ఎలాంటిదో గానీ!

సరే, ఇన్ని ఖాళీ కుర్చీల మధ్య నువ్వూ నేనూ. కానిచ్చేద్దాం.

ముందు శీర్షిక. "చివరి గొంతు: ఒక కుటుంబంలో స్త్రీల మౌఖిక కథా పరంపర." అబ్బో! అమ్మ గొంతులో రెండు ముద్దలు దింపేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. పరంపరట.

ఏడుపు మొహం పెట్టకు. పెన్నుందిగా, రాసుకో.

అమ్మని "కథకురాలు క" అన్నావు. పోనీ, మీ శాస్త్రంలో అలాగే రాస్తారు, మా కాలంలోనూ అంతే. మరి నేనో? నీ పేపరంతా వెతుక్కున్నాను, ఎక్కడైనా ఉన్నానా అని. ఉన్నాను. "ఇంట్లో సంరక్షణకు ఒకరు ఉన్నారు." ఒకరు! తోడబుట్టినదాన్ని పట్టుకుని, ఒకరు!

ఆ ఒకరు ఇక్కడ జీతం లేని సెలవు పెట్టి వెళ్ళింది. రాస్తున్న పుస్తకం సగంలో వదిలేసింది. తిరిగొచ్చేసరికి దాని గదిలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు, బీరువాలో దాని కాగితాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. నువ్వేమో శని, ఆదివారాలు వచ్చేదానివి. ఇనిస్టిట్యూట్ టిక్కెట్టు మీద, ఇనిస్టిట్యూట్ రికార్డరు పట్టుకుని. క్షేత్ర పరిశోధన! కన్నతల్లిని చూడ్డానికి వెళ్ళడం క్షేత్ర పరిశోధన అవుతుందని నా మట్టిబుర్రకి తట్టనే లేదు చూడు.

నోటీసు బోర్డు నిండా అవకాశాలే. వేసవి శిక్షణట, ప్రయాణ సాయమట, ప్రశాంతంగా రాసుకోడానికి నెల్రోజులు గదట. అమ్మకి పక్కబట్టలు మార్చే మనిషికి మాత్రం ఏ పథకమూ లేదు. ఉంటే మొదటి దరఖాస్తు నాదే.

నిన్ను చూడగానే అమ్మ "నా చిన్నదొచ్చింది!" అని వెలిగిపోయేది. ఎన్ని మర్చిపోయినా నిన్ను మర్చిపోలేదు మహాతల్లి. నన్నేమో, "ఏమ్మా, పొద్దుపోయింది, మీ ఇంట్లో ఎదురుచూడరూ? ఇంక వెళ్ళు" అనేది. పనికి కుదిరిన మనిషిననుకునేది. "అమ్మా, నేను నీ పెద్దకూతుర్నే" అంటే, నా వయసుకి తగని పరాచికమేదో ఆడినట్టు నవ్వేసేది. మొదట్లో వంటింట్లోకెళ్ళి ఏడ్చేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను.

నీకెందుకు చెప్తున్నానా ఇదంతా? పేపరుకి సంబంధం ఉంది కాబట్టే. ఆగు.

నీ మొదటి కథ తీసుకో, మెట్ల తగువు. పై మెట్టూ కింది మెట్టూ నేను గొప్పంటే నేను గొప్పని పోట్లాడుకుంటాయి. దాని మీద నువ్వేం రాశావు? "మెట్లు తరాలకు సంకేతం. పై మెట్టు అత్త, కింది మెట్టు కోడలు." దానికి మళ్ళీ ఒక పటం! బాణం గుర్తులు!

ఓసి పిచ్చిదానా, బిల్డింగులో లిఫ్టు చెడిపోయిందే! కూరగాయల సంచీ ఒక చేత్తో, డైపర్ల కట్ట ఇంకో చేత్తో మూడంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చి, ఆ మెట్లని తిట్టుకుంటూ అప్పటికప్పుడు అల్లిన కథ అది.

అవును. నేను అల్లిందే. పెన్ను ఆగిందేం?

రెండోది, గొడుగుని పెళ్ళాడినవాడి కథ. స్నానాలగది కప్పు కారుతుంటే చెప్పాను. మూడోది, పక్కింటికి చిటికెడు ఉప్పు కోసం వెళ్ళి తిరిగిరాని ఆవిడ. పక్కింటావిడ మన మిక్సీ పట్టుకెళ్ళి ఇవ్వకపోతే, ఆ కచ్చ కొద్దీ కల్పించాను. నువ్వు దాన్ని "స్త్రీల వలసకు ప్రతీక" అన్నావు. మన మిక్సీ ఇంకా వాళ్ళింట్లోనే ఉంది, వెళ్ళి అడుగు, వలస సంగతి.

కథ చెప్తే తప్ప అమ్మ నోరు తెరిచేది కాదు మరి. "ఊఁ, తర్వాత?" అనేది. ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టేసేదాన్ని. అదీ మీ మౌఖిక పరంపర.

తర్వాత నువ్వు రికార్డరు పెట్టుక్కూర్చుంటే, అవే కథలు తిప్పి నీకు చెప్పేది. "ఎవరు చెప్పారమ్మా?" అని నువ్వడిగావు. "మా అమ్మ" అంది. అంతే, నీకు తరతరాల నిధి దొరికిపోయింది. అమ్మమ్మ ఎప్పుడు పోయిందే? అమ్మ ఊయల్లో ఉండగానే! ఊయల్లో పిల్లకి మెట్ల తగువు చెప్పి మరీ పోయిందా ఆవిడ? పరాయి ఇంటికెళ్ళి ఉంటే వంద ప్రశ్నలు వేసుండేదానివి. సొంతిల్లు కదా, అన్నీ తెలుసనుకున్నావు. ఎంత చదువు చదివావే!

నేనెందుకు చెప్పలేదా? వంటింట్లో ఉన్నాను, అంతా వినపడుతోంది. గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను కూడా. అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఎవరో అడుగుతున్నారు, తను చెప్తోంది. చేతులు తిప్పుతోంది. చిన్నపిల్లలా ఉంది. ఏం చెప్పను?

కుళ్ళు. అవును, కుళ్ళే. కథలకి కాదు. కథలు పట్టుకుపో, మూట కట్టుకుపో. "నా చిన్నది" అందే, దానికి. పోయేరోజు కూడా నన్ను "నర్సమ్మా" అనే పిలిచింది. నువ్వు దారిలో ఉన్నావు అప్పుడు.

ఇక అసలు సంగతి. నీ ఫెలోషిప్ మీద నా నివేదిక నిన్న సాయంత్రమే ఇచ్చేశాను. "ఈ కథలకు పరంపర లేదు. సేకర్త ప్రాథమిక విచారణ కూడా చేయలేదు. ఫెలోషిప్‌కు సిఫారసు చేయలేను." కవరులో పెట్టి అంటించి డైరెక్టరు గారి చేతికిచ్చాను. ఇవాళ్టి తతంగమంతా ఉత్తిదే. నీ ఫెలోషిప్ నిన్ననే పోయింది.

తిట్టుకో. మనసులో తిట్టుకోవచ్చు, దానికి రూలు లేదు.

ఎంత హాయిగా నిద్రపట్టిందో నిన్న! ఇవాళ ముందుగా వచ్చి ఇక్కడ కూర్చున్నాను. ఎవరూ రారు. ఏం తోచక నీ పేపరు వెనకనుంచి తిరగేశాను. అనుబంధం! అనుబంధాలు ఎవరు చదువుతారు చెప్పు? ఇన్నేళ్ళుగా ఇన్ని పేపర్లు చీల్చి చెండాడాను, ఒక్కదాని అనుబంధం చదివిన పాపాన పోలేదు.

నాలుగో కథ ఉంది అక్కడ. నాలుగు లైన్లు.

ఒక ముసలావిడ ఇంటికి ఒకామె వస్తుంది. తల దువ్వుతుంది, ముద్దలు పెడుతుంది, కథలు చెప్తుంది. "నీ కూతుర్నే" అంటుంది. ముసలావిడ నమ్మనట్టు నవ్వేస్తుంది. నిజానికి ఆవిడకి తెలుసు. తెలిసినట్టు కనపడితే కథలు ఆపేస్తుందని భయం. కూతుళ్ళు మందులేసుకోమని కసురుతారు గానీ, కూర్చుని కథలు చెప్తారా?

కింద నీ మాట. "దీనికి సమాంతర రూపాలు దొరకలేదు. మతిమరుపు వల్ల చేరిన ముక్క కావచ్చు. విశ్లేషణలోకి తీసుకోలేదు."

ఇది నేను చెప్పలేదే.

ఈ కథ నేను అల్లలేదు. నాకసలు తెలియదు. అమ్మ సొంతంగా అల్లింది. నేను లేనప్పుడు, మందులషాపుకో ఎక్కడికో వెళ్ళినప్పుడు, నీకు చెప్పింది. నువ్వేమో దాన్ని తీసి వెనక పడేశావు!

పరుగెత్తాను, కింద రికార్డింగులు దాచే ఆర్కైవుకి. ఈ మోకాళ్ళతో. అక్కడ కూర్చునే అమ్మాయి చాలా మర్యాదగా, "సేకర్త సంతకం ఉంటేనే వినిపించాలి మేడమ్" అంది. "ఆవిడ మా అమ్మే" అన్నాను. కంప్యూటర్లో చూసి, "ఇందులో 'క' అనే ఉంది మేడమ్" అంది.

ఆ పద్ధతి పెట్టిన కమిటీలో నేనూ ఉన్నాను.

ఒక్కసారి వినాలే. నవ్వుతూ చెప్పిందా? నా పేరు గానీ అందా, నువ్వు రాయకుండా వదిలేశావా? "తెలుసు" అన్నచోట గొంతు ఎలా ఉంది? లేక నువ్వన్నట్టు మతిమరుపేనా? అదైనా నా చెవులతో నేను వినాలి కదా.

నివేదిక వెనక్కి తీసుకుంటానా? తీసుకోను. నేను రాసింది నిజం. నీ పేపరు తప్పుల తడక. ఏమో, అడిగితే తీసుకుంటానేమో, నా మీద నాకే నమ్మకం లేదిప్పుడు. అడక్కు.

నీ నోటి దగ్గర కూడు తీసేసి, నీ ముందే చెయ్యి చాపి కూర్చున్నాను చూడు. సిగ్గు లేదా అంటావా? ఉంది. అయినా అడుగుతున్నాను. ఆర్కైవు వాళ్ళ కాగితం ఇదిగో, నీ సంతకం కావాలి. కారణం రాయమన్న చోట "పరిశోధన" అని రాశాను. ఇంకేం రాయను?

చక్రాల చప్పుడు వినపడుతోందా? టీ బండి. ఇదే గుమ్మం ముందు ఆగింది.

ఇక నువ్వు మాట్లాడొచ్చు.